కార్డు ప్రకారం ముఖం

జానపద కళాకారుల గుర్తింపు శాఖ వారి జిల్లా కార్యాలయానికి ‘ఛాయాదర్శిని’ అనే సాఫ్ట్‌వేరు ఒక మంచి రోజు చూసి వచ్చింది. మంచి రోజు కుదరక ఆ పెట్టె మూడు వారాల పాటు పార్సిల్ ఆఫీసులోనే ఉంది. కుదిరిన రోజున పెట్టెకు పసుపు రాసి, బొట్టు పెట్టి, సహాయ సంచాలకులు పరాంకుశరావుగారు స్వహస్తాలతో కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరినీళ్ళు కాస్త పెట్టెలోకి పోయాయి. లోపల ఉన్నవి ఒక సీడీ, ఒక కాగితం మాత్రమే కాబట్టి పెద్దగా నష్టమేమీ జరగలేదు. ఆ కాగితం మీద పెట్టెను ఎలా తెరవాలో నాలుగు బొమ్మలతో వివరంగా ఉంది. తెరిచాక ఏం చేయాలో ఎక్కడా లేదు.

ఫోటోలు అచ్చు వేయడానికే ప్రత్యేకంగా తయారు చేసిన సాఫ్ట్‌వేరు అది. దానికి తోడు బీరువా అంత ప్రింటరు ఒకటి లారీలో దిగింది. ఒకే కాగితం మీద ఎన్ని ఫోటోలు పట్టించాలి, ఏ కాగితానికి ఎంత రంగు పోయాలి, ఎక్కడ కత్తిరించాలి అన్నీ అదే చూసుకుంటుందట. చూసుకోమని దానికి చెప్పడానికి మాత్రం మూడు వందల పైచిలుకు ఆప్షన్లు ఉన్నాయి.

ఆ ఆప్షన్లన్నీ గౌరీశ్వరి నెత్తిన పడ్డాయి. ముప్పై నాలుగేళ్ళ గౌరీశ్వరి ఆ ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ కంప్యూటర్ ఆపరేటరు. వాళ్ళ నాన్న ఒకప్పుడు బజారులో ఫోటో స్టూడియో నడిపేవాడు. సెల్‌ఫోన్లొచ్చి స్టూడియో మూతపడేదాకా ఆవిడ కూడా అక్కడే కూర్చుని పెళ్ళిఫోటోలకు మెరుగులు దిద్దేది. ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తులో ‘ఫోటో స్టూడియో అనుభవం’ అని ఒక ముక్క రాసింది. ఆ ముక్క చూసే ఈ బాధ్యత ఆవిడకు అప్పగించారు.

“సార్, ఇది నేర్పడానికి ఎవరైనా వస్తారాండీ?” అని అడిగింది గౌరీశ్వరి.

“శిక్షణ అనేది ఒక నిరంతర ప్రక్రియ అమ్మా,” అన్నారు పరాంకుశరావుగారు. ఆయన మామూలు మాటలు ఇంట్లో వదిలేసి ఆఫీసుకు వస్తారని అక్కడి వాళ్ళు చెప్పుకుంటారు. “అది యథాసమయంలో సంభవిస్తుంది. ఈలోగా మీరు వినియోగం ప్రారంభించండి.”

“తెలీకుండా ఎలా వాడతానండీ?”

“తెలియడం, వాడడం రెండూ సమాంతరంగా సాగాలన్నది పై అధికారుల ఉద్దేశం.”

గౌరీశ్వరి వాడడం మొదలుపెట్టింది. దాలయ్య అనే పగటివేషగాడి ఫోటో ఒక్కటి అచ్చు వేయమంటే ఛాయాదర్శిని అరవై నాలుగు వేసింది. ఒక్కటే చాలని ఎలాగో దానికి నచ్చజెప్పాక, దాలయ్య ఎడమ ముక్కుపుటం ఒక్కటే కాగితం నిండా వేసింది. మూడోసారి మనిషంతా వచ్చాడు గానీ, కాగితం ఆదా చేయడం కోసం తలకిందులుగా వచ్చాడు. ఏ బొమ్మ నొక్కితే ఏం జరిగిందో గౌరీశ్వరి ఒక నోటుబుక్కులో రాసుకుంటూ పోయింది. ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం ఈ రాష్ట్రంలో మరొకటి లేదని అప్పటికి ఆవిడకు తెలియదు.

రెండు నెలలకు శిక్షణ సంభవించింది. అన్ని జిల్లాల ఆపరేటర్లను పట్నంలో ఒక పెద్ద హోటలుకు పిలిపించారు. మాస్టర్ ట్రైనర్ పేరు డాక్టర్ చిదంబరేశ్వర్. మొదటి రోజు జ్యోతి వెలిగించడం, పరిచయాలు చెప్పుకోవడం, ‘మార్పును మనసారా ఆహ్వానించడం ఎలా’ అన్న ఉపన్యాసం జరిగాయి. మధ్యాహ్నం తలా ఒక బెలూన్ ఇచ్చి, అందులో తమ భయాలన్నీ ఊది పగలగొట్టమన్నారు. రెండో రోజు తెర మీద ఛాయాదర్శిని బొమ్మ ఒకటి చూపించారు. అది పాత రకానిది. అందులో ఉన్న బటన్లు కొత్తదాంట్లో లేవు, కొత్తదాంట్లోవి అందులో లేవు.

గౌరీశ్వరి చెయ్యెత్తింది. “రంగుల దగ్గర ‘ప్రొఫైల్’ అని ఒక గడి ఉందండీ. దాంట్లో ఏది పెట్టాలి?”

“చాలా చక్కటి ప్రశ్న!” అన్నారు చిదంబరేశ్వర్‌గారు. “ఇలాంటి ప్రశ్నలు రావాలనే ఈ కార్యక్రమం. మేడమ్‌కి అందరూ ఒకసారి చప్పట్లు కొట్టండి.”

అందరూ కొట్టారు. తర్వాత భోజనాలకు లేచారు. సాయంత్రం అందరికీ ‘ఛాయాదర్శినిలో నిష్ణాతులు’ అని ధ్రువపత్రాలు, అనుమానాలు వస్తే చూసుకోవడానికి ఒక వీడియో పంచారు. వీడియో పదకొండు నిమిషాలు. తొమ్మిది నిమిషాలు ప్రముఖుల సందేశాలు. పదో నిమిషంలో చిదంబరేశ్వర్‌గారు సాఫ్ట్‌వేరు తెరిచారు. పదకొండో నిమిషంలో మూశారు.

నిష్ణాతురాలైన గౌరీశ్వరి తిరిగొచ్చేసరికి కార్డుల పంపిణీకి ముహూర్తం పెట్టేశారు. జిల్లాలో నాలుగు వందల పన్నెండు మంది వృద్ధ కళాకారులు. కార్డు ఉంటే వాళ్ళకు బస్సులో టికెట్టు అక్కర్లేదు, ప్రభుత్వాసుపత్రిలో వైద్యం ఉచితం. మూడు రోజులు కూర్చుని గౌరీశ్వరి అన్ని కార్డులూ అచ్చు వేసింది. పేర్లు సరిగ్గా పడ్డాయి, ఊళ్ళు సరిగ్గా పడ్డాయి. ముఖాలు మాత్రం నాలుగు వందల పన్నెండూ ఉడికించిన గోంగూర రంగులో వచ్చాయి.

ఒక కార్డు పట్టుకుని సహాయ సంచాలకుల గదిలోకి పరుగెత్తింది.

పరాంకుశరావుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. “ఇందులో అభ్యంతరకరమైన అంశం ఏమున్నది? పేరున్నది, ఊరున్నది, నా సంతకమున్నది.”

“ముఖం ఆకుపచ్చగా ఉందండీ.”

“ముఖం ఉన్నదా, లేదా?”

“ఉందండీ.”

“కార్డుపై ముఖం ఉండవలెనని నిబంధన. ఏ రంగులో ఉండవలెనో నిబంధన లేదు. రేపు పంపిణీ.”

మర్నాడు షామియానా కింద పంపిణీ జరిగింది. దాలయ్య కార్డు అందుకుని, వేదిక దిగి, తిన్నగా గౌరీశ్వరి బల్ల దగ్గరికి వచ్చాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. జీవితమంతా ముఖానికి రంగు పూసుకుని ఊరూరా వేషాలు కట్టినవాడు.

“ఏటమ్మా ఇది? నాను యేసం కట్టకుండానే కదా ఫోటో దిగినాను. మరీ యేసం నాకెవులు కట్టినారు?”

“మెషీను అలా వేసేసింది తాతా. మార్పించి ఇస్తాను, కొన్నాళ్ళు ఓపిక పట్టు.”

దాలయ్య పక్కన జముకుల కథ చెప్పే అసిరమ్మ నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి. రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరిపోయి, దాలయ్య భుజం పట్టుకుని నడుస్తోంది. ఈ కార్డు వస్తే ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుందామని ఏడాదిగా కనిపెట్టుకుని ఉంది.

“నా మొకం ఎలాగొచ్చినాదిరా దాలిగా?” అని అడిగింది.

“బాగున్నాదిలే అప్పా. మన్లాగ నేదు గానీ, బాగున్నాది.”

గౌరీశ్వరి ప్రధాన కార్యాలయానికి ఉత్తరం రాసింది. ముఖాలు ఆకుపచ్చగా వస్తున్నాయి, రంగుల ఆప్షన్ గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఫోన్లోనైనా చెప్పండి అని రెండే రెండు వాక్యాలు. నలభై రోజులకు జవాబు వచ్చింది.

“తమ లేఖలోని అంశము క్షుణ్ణముగా పరిశీలించబడినది. ఛాయాదర్శిని అంతర్జాతీయ ప్రమాణములకు లోబడి పనిచేయుచున్నది. అందు వెలువడు వర్ణమే ప్రామాణిక వర్ణము. కళాకారుల ముఖములలో కానవచ్చు తేడాలు స్థానిక వ్యత్యాసములుగా భావించవలెను. కార్డునకు, కార్డుదారునకు మధ్య భేదము తలెత్తినచో కార్డునే ప్రమాణముగా గైకొనవలెను.”

ఈ ఉత్తరువు ప్రతిని ఆర్టీసీకి, ఆసుపత్రికి, అన్ని శాఖలకూ పంపారు. అప్పటిదాకా కండక్టర్లు కార్డు మీద పేరు చూసి వదిలేస్తున్నారు. ఉత్తరువు అందాక ముఖాలు చూడసాగారు.

దాలయ్య సంతకు వెళ్దామని బస్సెక్కాడు. కండక్టరు కార్డు చూశాడు, దాలయ్యను చూశాడు. “ఇందులో ఆయన ఆకుపచ్చగా ఉన్నాడు. నువ్వు చామనచాయ. దిగు.”

“నానే బావూ అది.”

“నువ్వే అని కార్డు చెప్పాలి, నువ్వు చెప్తే కాదు. ఆర్డరు వచ్చింది.”

దాలయ్య దిగి స్టాపులో కూర్చున్నాడు. సంచీలోంచి రంగుడబ్బాలు తీశాడు. పసుపుపచ్చలో కాస్త నీలం కలిపి, కార్డు పక్కన పెట్టుకుని చూస్తూ, కాసింత నలుపు కూడా వేసి, ముఖానికి, మెడకు, చెవుల వెనక్కి పూసుకున్నాడు. తర్వాతి బస్సు వచ్చింది. కండక్టరు కార్డు చూసి, దాలయ్యను చూసి తలాడించాడు.

“సరిపోనాదా బావూ?”

“సరిపోయింది, కూర్చో తాతా. ఇలా పద్ధతిగా వస్తే ఏ గొడవా ఉండదు కదా!”

వారం తిరిగేసరికి చుట్టుపక్కల ఊళ్ళలోని ముసలి కళాకారులందరూ ప్రయాణం రోజున పొద్దున్నే దాలయ్య ఇంటి ముందు వరసగా కూర్చునేవారు. చెక్కభజనవాళ్ళు, తప్పెటగుళ్ళ వాళ్ళు, కోలాటం గురువులు అందరూ ఆకుపచ్చగా బస్సెక్కి ఆకుపచ్చగా దిగేవారు. మొదట్లో ఊళ్ళో కుక్కలు మొరిగాయి. తర్వాత అవి కూడా అలవాటు పడ్డాయి.

అసిరమ్మ ఆపరేషన్ రోజు వచ్చింది. మామూలు ముఖంతో ఒకసారి వెళ్తే గుమస్తా అప్పటికే వెనక్కి పంపేశాడు కాబట్టి, ఈసారి దాలయ్య జాగ్రత్తగా రంగు పూసి తీసుకెళ్ళాడు. గుమస్తా కార్డు పోల్చుకుని, చీటీ రాసి, లోపలికి పంపించాడు. లోపల నర్సమ్మ ఆవిడను బల్ల మీద పడుకోబెట్టి, ఆపరేషన్‌కు ముందు అందరికీ చేసినట్టే ముఖమంతా మందునీళ్ళతో శుభ్రంగా తుడిచింది. గ్లౌజులు తొడుక్కున్న డాక్టరు లోపలికి వస్తున్నాడు. సరిగ్గా అప్పుడే గుమస్తా వేలిముద్ర కోసం కాగితం పట్టుకుని వచ్చాడు.

“ఈవిడెవరు?” అన్నాడు.

“అసిరమ్మ. నువ్వేగా పంపించావు,” అంది నర్సమ్మ.

“నేను ఆకుపచ్చావిడను పంపించాను. ఈవిడెవరో నాకు తెలీదు. రేపు ఆడిట్ వాళ్ళు అడిగితే ఎవరు జవాబు చెప్తారు?”

ముఖం తుడవకుండా ఆపరేషన్ చేయడం కుదరదని డాక్టరు చెప్పాడు. తుడిచాక ఆవిడ కార్డుదారు కాదని గుమస్తా ఉత్తరువు చూపించాడు. కాసేపు వాదించి డాక్టరు చేతులెత్తేశాడు. అసిరమ్మ బల్ల మీద లేచి కూర్చుని, తడిముఖం కొంగుతో తుడుచుకుంది.

“కడిగేసినాక నాను నాను కాకుండా పోనానేటి బావూ?” అని అడిగింది.

ఆ సాయంత్రం దాలయ్య, అసిరమ్మ ఆసుపత్రి నుంచి నేరుగా ఆఫీసుకే వచ్చారు. గౌరీశ్వరి జరిగినదంతా విని పరాంకుశరావుగారి గదిలోకి వెళ్ళింది. “సార్, మన కార్డు వల్ల ఒక మనిషికి కళ్ళు పోయేలా ఉన్నాయి,” అంది.

పరాంకుశరావుగారు ఆ విషయాన్ని చాలా తీవ్రంగా తీసుకున్నారు. పైకి నివేదిక పంపారు. కళాకారులు స్వచ్ఛందంగా తమ ముఖాలను కార్డుకు అనుగుణంగా సవరించుకోవడం హర్షణీయమని, అయితే వాడుతున్న రంగు నాణ్యత చాలక తుడిస్తే పోతున్నదని, ఇది శాఖ ప్రతిష్ఠకు భంగకరమని అందులో రాశారు. పైనుంచి వెంటనే అనుమతి వచ్చింది. ఆఫీసు వరండాలో ‘వర్ణ అనుసంధాన కేంద్రం’ వెలిసింది. చెరిగిపోని ఆకుపచ్చ రంగు డ్రమ్ముల లెక్కన దిగింది. ముఖాలకు పూసే ఉద్యోగం ఒకటి మంజూరైంది. దాలయ్య దరఖాస్తు పెట్టుకుంటే, ముఖవర్ణ లేపనంలో గుర్తింపు పొందిన సంస్థ నుంచి ధ్రువపత్రం లేదని తిప్పికొట్టారు. ఆ ఉద్యోగం ధ్రువపత్రం ఉన్న వేరొకరికి వచ్చింది. అంతకుముందు ఆయన గోడలకు సున్నం వేయించే కాంట్రాక్టరు.

గౌరీశ్వరికి ఒళ్ళు మండింది. ఆ నెల రెండో శనివారం, ఆదివారం ఆఫీసు తాళం తీసుకుని ఒక్కతే వచ్చి ప్రింటరు ముందు కూర్చుంది. నోటుబుక్కు తెరిచింది. తన అరచేతిని ఫోటో తీసి, దాన్నే చిన్న చిన్న ముక్కలుగా అచ్చు వేస్తూ, ఒక్కో ఆప్షన్ మార్చుకుంటూ పోయింది. చెయ్యి ఒకసారి వంకాయ రంగులో వచ్చింది. ఒకసారి ఇటుక రంగులో వచ్చింది. ఒకసారి అసలు రాలేదు. మధ్యలో విసుగొచ్చి వీడియో పెట్టుకుని చూసింది. ప్రముఖులు ఆవిడకు మరోసారి శుభాకాంక్షలు తెలిపారు.

ఆదివారం మూడు గంటలకు ఒక సంగతి తట్టింది. వాళ్ళ నాన్న చీకటిగదిలో ఫోటోలు కడిగేటప్పుడు, ఒకరు దిద్దిన రంగును ఇంకొకరు మళ్ళీ దిద్దకూడదని అనేవాడు. ఇక్కడ సాఫ్ట్‌వేరు ఒకసారి రంగులు సరిచేసి పంపుతోంది. ప్రింటరు అది తెలియక మళ్ళీ సరిచేస్తోంది. రెండుసార్లు బాగుపడి ముఖం పాడైపోతోంది. ప్రింటరు వైపు ఆ దిద్దుబాటు ఆపే గడి తెర మీద తెరుచుకునే ఏడో కిటికీలో, ఎవరూ చూడని అడుగున ఉంది. అందులో ఉన్న టిక్కు తీసేసింది. కాగితం మెల్లగా బయటికి వచ్చింది. దాని మీద ఉన్నది గౌరీశ్వరి చెయ్యి. పక్కన తన చెయ్యి పెట్టి చూసుకుంది. గాజు గీసుకున్న గీత కూడా ఉన్న రంగులోనే ఉంది. ఆవిడకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు. ఆరు నెలలు, మూడు వందల ఆప్షన్లు, ఒక్క టిక్కు.

సోమవారం దాలయ్యకు కబురు పెట్టి, అసిరమ్మను రప్పించి, ఎదురుగా కూర్చోబెట్టి కొత్త కార్డు వేసింది. నుదుటి మీద పచ్చబొట్టుతో సహా అసిరమ్మ అసిరమ్మలాగే వచ్చింది. బుధవారం ఆసుపత్రి గుమస్తా ముఖాన్నీ కార్డునూ పదిసార్లు పోల్చుకుని, తప్పేదీ దొరక్క, చీటీ రాశాడు. ఆ రోజే కుడికంటికి ఆపరేషన్ అయిపోయింది.

కట్టు విప్పాక అసిరమ్మ ఎవరి భుజమూ పట్టుకోకుండా ఆఫీసు మెట్లెక్కింది. గౌరీశ్వరిని ఎగాదిగా చూసింది.

“నువ్వింత బక్కగా ఉన్నావేటమ్మా? గొంతు యిని, బొద్దుగా ఉంటావనుకున్నాను.”

ఆ సంతోషం రెండు రోజులు నిలిచింది. మూడో రోజు సంజాయిషీ నోటీసు వచ్చింది. ప్రామాణిక వర్ణంలో లేని ముఖాన్ని ముద్రించడం, శిక్షణలో చెప్పని ఆప్షన్‌ను తాకడం, సెలవు రోజుల్లో పని చేయడం అని మూడు అభియోగాలు. విచారణాధికారిగా డాక్టర్ చిదంబరేశ్వర్‌గారే వచ్చారు.

“ఈ ఆప్షన్ మీకెవరు నేర్పారు?”

“ఎవరూ నేర్పలేదండీ. వెతుక్కున్నాను.”

“శిక్షణలో లేనిది మీకు తెలిసిందంటే, శిక్షణ అసంపూర్ణమని మీ ఆరోపణా?”

“ఆరోపణ ఏం లేదండీ. ముఖాలు ముఖాల్లా రావాలని...”

“ఒక్క కార్డు ముఖంలా వస్తే, మిగతా నాలుగు వందల పదకొండు మంది పరిస్థితి ఏమిటి? వాళ్ళవి ముఖాల్లా లేవని మీరు ప్రచారం చేస్తున్నట్టు కాదా?” అని కలగజేసుకున్నారు పరాంకుశరావుగారు.

గౌరీశ్వరి ప్రింటరు వైపు చెయ్యి చూపి, “ఒక్కసారి వేసి చూపిస్తానండీ, రెండు నిమిషాలు,” అంది. చూడడం విచారణ పరిధిలోకి రాదని చిదంబరేశ్వర్‌గారు తోసిపుచ్చారు. నోటుబుక్కు స్వాధీనం చేసుకుని, లక్క సీలు వేసి, పైన ‘అనధికార జ్ఞానం’ అని రాసి బీరువాలో పెట్టారు. ఏడో కిటికీలోని టిక్కు యథాస్థానంలో పెట్టించారు. అది ఎక్కడుందో ఎవరికీ తెలియకపోతే గౌరీశ్వరే చూపించింది. తర్వాత ఆవిడ సేవలు ఇక అవసరం లేదని కాగితం ఇచ్చారు.

అసిరమ్మ కొత్త కార్డు రద్దయింది. అంతటితో ఆగితే అది శాఖ కాదు. రద్దయిన కార్డుపై జరిగిన ఆపరేషన్ చెల్లదని, కాబట్టి సదరు కంటిని యథాపూర్వ స్థితికి తెచ్చే అవకాశాలను పరిశీలించవలసిందిగా ఆసుపత్రికి ఒక లేఖ వెళ్ళింది. ఆ సౌకర్యం ప్రస్తుతం తమ వద్ద లేదని, నిధులు మంజూరైతే ఆలోచిస్తామని ఆసుపత్రి జవాబిచ్చింది. లేఖ సంగతి విని అసిరమ్మ నెల రోజులు ఆసుపత్రి ఉన్న వీధిలో అడుగుపెట్టలేదు.

గౌరీశ్వరి బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో ఒక మూల అద్దెకు తీసుకుని, నాన్న పాత కెమెరా పెట్టుకుని పాస్‌పోర్టు ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. షాపు ముందునుంచే బస్సులు వెళ్ళేవి. కిటికీల్లో ఆకుపచ్చ ముఖాలు కనిపించేవి. కొందరు చెయ్యి ఊపేవారు. అందరిదీ ఒకటే రంగు కావడం వల్ల వాళ్ళలో ఎవరు ఎవరో ఆవిడకు గుర్తుపట్టడం కష్టమయ్యేది.

ఇలా ఉండగా ఛాయాదర్శిని తయారుచేసిన కంపెనీ కొత్త వెర్షన్ విడుదల చేసింది. ఎవరూ ఏమీ నొక్కకుండానే ఆఫీసు కంప్యూటర్లోకి అదే ఎక్కి కూర్చుంది. రంగులు రెండుసార్లు దిద్దకుండా అదే చూసుకుంటుంది. కొత్తగా దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకు రెండో విడత కార్డుల పంపిణీకి రెండు రోజుల ముందు, నూట ఎనభై ముఖాలు మనుషుల రంగులో బయటికి వచ్చాయి.

ఆఫీసు గగ్గోలెత్తిపోయింది. యంత్రం చెడిపోయిందన్నారు. చిదంబరేశ్వర్‌గారికి ఫోన్ చేస్తే, చాలా చక్కటి ప్రశ్న అన్నారు. మధ్యాహ్నానికి జిరాక్సు షాపు ముందు ఆఫీసు జీపు ఆగింది.

గౌరీశ్వరి వెళ్ళేసరికి పరాంకుశరావుగారు లేచి నిలబడి కుర్చీ చూపించారు. ఆ ఆఫీసులో పని చేసినన్నాళ్ళూ ఆ గదిలో తనకు కుర్చీ ఉందని ఆవిడకు తెలియదు.

“అమ్మా, మీ విషయమై సానుకూల పునరాలోచన జరుగుచున్నది. ఈలోగా మీరు దీనిని పూర్వపు స్థితికి తేవలెను.”

“పూర్వపు స్థితంటే ఏంటండీ?”

“మీకు తెలియనిదేమున్నది. ప్రామాణిక వర్ణం.”

“అంటే ఏ రంగండీ?”

ఆయన గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి, “అదే... ఆకుపచ్చ,” అన్నారు. ఆయన నోట మామూలు మాట వినడం గౌరీశ్వరికి అదే మొదలు.

“తప్పకుండా చేస్తానండీ. ముఖాలు ఆకుపచ్చగా చేయమని ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇప్పించండి. కిందటిసారి కాగితం లేకుండా చేసి ఉద్యోగం పోగొట్టుకున్నాను.”

పరాంకుశరావుగారు కలం తీశారు. ‘కళాకారుల ముఖములను’ దాకా రాశారు. అక్కడ ఆగిపోయారు. ఆకుపచ్చగా చేయమంటే ఇప్పుడు అవి ఆకుపచ్చగా లేవని ఒప్పుకున్నట్టు. అంటే ఇన్నాళ్ళూ ఉన్నాయని ఒప్పుకున్నట్టు. సూపరింటెండెంటును రాయమన్నారు. ఆయనకు ఉన్నట్టుండి చెయ్యి నొప్పి వచ్చింది. ప్రధాన కార్యాలయానికి ఫోన్ చేస్తే, మౌఖికంగా చేయించుకోమన్నారు. గౌరీశ్వరి నాలుగు గంటల దాకా కుర్చీలో కూర్చుని, టీ తాగి, “కాగితం తయారయ్యాక కబురు చేయండి సార్, షాపులో జనం ఉంటారు,” అని లేచి వచ్చేసింది.

ఆ కాగితం ఎప్పటికీ తయారు కాలేదు. నూట ఎనభై కార్డులూ ఉన్నవి ఉన్నట్టే పంచారు. పదిహేను రోజులకు కొత్త ఉత్తరువు వచ్చింది. సుదీర్ఘ పరిశోధన అనంతరం ప్రామాణిక వర్ణం సవరించబడినదని, ఇకపై కళాకారులు తమ తమ సహజ వర్ణాలలో సంచరించవచ్చునని, పాత కార్డులు మార్చి ఇవ్వబడునని దాని సారాంశం. వర్ణ అనుసంధాన కేంద్రం ‘వర్ణ విమోచన కేంద్రం’ అయింది. అదే కాంట్రాక్టరు ఇప్పుడు పీచుతో, కిరసనాయిలుతో ముసలివాళ్ళ ముఖాలు తోమడం మొదలుపెట్టాడు. దాలయ్య ఒకసారి చూసి, కొబ్బరినూనె రాసి అరగంట నాననిస్తే నొప్పి లేకుండా వదులుతుందని చెప్పబోయాడు. ధ్రువపత్రం అడిగారు. అతను ఇంటికెళ్ళి, తన దగ్గరికొచ్చిన వాళ్ళందరికీ ఊరికే కొబ్బరినూనెతో కడిగి పంపాడు. అసిరమ్మ రెండో కంటికి కూడా ఆపరేషన్ అయింది. నాలుగు వందల మంది కళాకారులకు స్వీయ వర్ణాన్ని ప్రసాదించినందుకు పరాంకుశరావుగారికి ప్రశంసాపత్రం వచ్చింది.

గౌరీశ్వరిని మళ్ళీ ఎవరూ పిలవలేదు. షాపు బాగానే సాగుతోంది.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం పరాంకుశరావుగారు గొడుగు వేసుకుని షాపులోకి వచ్చారు. నెలాఖరుకు రిటైరవుతున్నారు. పెన్షన్ కాగితాలకు ఫోటోలు కావాలి. ఆఫీసులో బీరువా అంత ప్రింటరు ఉంది గానీ, తన ఫోటో దాని చేతిలో పెట్టడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. ఆ మాట ఆయన అనలేదు, ఆవిడ అడగలేదు. స్టూలు మీద కూర్చోబెట్టి, కాలరు సరిచేసి, ఫోటో తీసి, అచ్చు వేసి చేతికిచ్చింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. చెంపలు జారి ఉన్నాయి. కళ్ళ కింద సంచులున్నాయి. పెదవులు ఎవరినో అనుమతి అడుగుతున్నట్టు కాస్త తెరుచుకుని ఉన్నాయి.

“నేను ఇలాగ ఉంటానా?” అన్నారు.

“ఉంటారండీ.”

“రంగు గానీ, మరొకటి గానీ నువ్వేమీ మార్చలేదా?”

“ఏమీ మార్చలేదండీ.”

ఆయన ఫోటోను మరోసారి వెలుతురులోకి పట్టుకుని చూశారు. వెనక ఇద్దరు కాలేజీ పిల్లలు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. గౌరీశ్వరి కత్తెర చేతిలోకి తీసుకుంది.

“ఆరు కాపీలు చాలా సార్, ఎనిమిది వెయ్యనా?”